నూకయ్య నాలుక

ధారావాహిక: ఖాడీ వరస • పదకొండో వారం

గురువారం మధ్యాహ్నం వీరలక్ష్మి వండిన వంకాయ పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. పోయిన వారం అక్కడ ఆగాం. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆవిడ పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేసి వచ్చింది. ఆవిడ తిరిగొచ్చేసరికి మామగారు నూకయ్య గిన్నె ఊడ్చుకుని తిని, "పులుసు బాగుందమ్మా" అని చెయ్యి కడుక్కుంటున్నాడు. ఇంకో ఇంట్లో అయితే దీన్ని కోడలి వంటకి వంక పెట్టని పెద్దమనిషి మంచితనం అనుకుని మురిసిపోవచ్చు. ఈ ఇంట్లో అలా కుదరదు. దీవిలో, ప్రోతరాపూర్ దిగువన, ఖాడీ అనే సముద్రపు పాయ పక్కన ఉన్న నాలుగు తోటలూ నాలుగు నూతులూ బతుకుతున్నది ఆ ముసలాయన నాలుకని నమ్ముకునే.

సునామీ వచ్చిన ఏడాది నుంచీ ఖాడీలో ఉప్పునీళ్ళు ఒక మెట్టు పైకే ఉండిపోయాయి. వానలున్నన్నాళ్ళూ ఫరవాలేదు. వానలు వెనక్కి తగ్గి, తోటల్లో మోటార్లు తిరగడం మొదలయ్యాక ఆ ఉప్పు మట్టి కింద నుంచి నూతుల్లోకి పాకుతుంది. ఖాడీకి అందరికన్నా దగ్గరది అసిరయ్య నుయ్యి. తర్వాతది చిట్టితల్లిది, మూడోది వెంకటసుబ్బయ్య మాస్టారిది, గట్టు మీద అన్నిటికన్నా ఎగువన ఉన్నది నూకయ్యది. మొదటి నూతిలో ఉప్పు తగలగానే నలుగురూ పదిహేను రోజులు మోటార్లు ఆపేయాలి. అప్పుడు కొండవైపు నుంచి దిగే మంచినీళ్ళు ఉప్పుని వెనక్కి తోస్తాయి. ఆపకపోతే ఒకదాని వెనక ఒకటి నాలుగూ పోతాయి.

తాగడానికీ వంటకీ నాలుగు రోజులకోసారి వచ్చే పైపు నీళ్ళున్నాయి. నూతి నీళ్ళన్నీ పాదులకే. తన నూతిలో ఉప్పుందని ఎవరూ తనంతట తాను ఒప్పుకోరు, ఒప్పుకుంటే తోట ఆపుకోవాలి. అందుకని ఇరవై ఏళ్ళ కిందట నలుగురూ కూర్చుని ఆ తీర్పు నూకయ్యకి అప్పగించారు. జనవరి రాగానే ఆయన ప్రతి శనివారం రాత్రీ ఉప్పు లేని చప్పిడి అన్నం తింటాడు. ఆదివారం పొద్దున్నే ఇత్తడి గ్లాసు పట్టుకుని నాలుగు నూతులూ తిరుగుతాడు. పుక్కిట పట్టి, "మంచిది" అంటాడు, లేదా "ఆపండి" అంటాడు. దాని మీద ఎదురు మాట లేదు, ఇంకెవరూ ఆ నీళ్ళు నోట పెట్టి చూడరు. ఈ జనవరిలో వ్యవసాయశాఖ ఉదయ్‌కుమార్ మీటరు పట్టుకుని నీళ్ళు పరీక్ష చేస్తానని వచ్చాడు. అసిరయ్య అతనికి టీ ఇచ్చి, "మాకు నూకయ్య మావ ఉన్నాడు భయ్యా" అని నవ్వి పంపేశాడు.

ఈసారి డిసెంబరు మొదటి వారంతో వాన కట్టేసింది. ఇప్పుడు మార్చి మూడో వారం. అసిరయ్య బరబటి చిక్కుడు పాదుల ఆకుల అంచులు మాడిపోతున్నాయి, చిట్టితల్లి కాకర పిందెలు రాలిపోతున్నాయి. నూకయ్య మాత్రం వరసగా మూడు ఆదివారాలు నాలుగు నూతుల దగ్గరా "మంచిది" అనే అన్నాడు.

శుక్ర, శనివారాలు రెండూ వీరలక్ష్మి నోరు మెదపలేదు. భర్త గోపినాథ్ దీవుల మధ్య తిరిగే ఓడలో పని చేస్తాడు. ఫోను కలవలేదు. కలిస్తే ఆయన్ని అడిగి చేద్దామనుకున్నానని తనకి తాను చెప్పుకుంది. అది సాకు. మామగారి పరువు తన చేతుల మీదుగా పోతుందని భయపడింది, అంతే.

ఆదివారం ఆరున్నరకి నూకయ్య తలకి తువ్వాలు చుట్టుకుని గ్లాసు తీసుకునేసరికి కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు చిన్న స్టీలు గ్లాసులు.

"ఏటమ్మా ఇది?"

"నీళ్ళు మావయ్యా. ఒకటి మన నూతిది, ఒకటి అసిరయ్య బాబాయ్‌ది. ఏది ఎవరిదో చెప్పి వెళ్ళండి."

"పొద్దున్నే ఆటలేటి? ఆళ్ళందరూ నిలబడుంటారు."

"రెండు గుటకలే కదా."

నూకయ్య కోడలి మొహంలోకి చూశాడు. ఆవిడ కళ్ళు దించలేదు. మొదటి గ్లాసు ఎత్తి పుక్కిట పట్టాడు. నూతుల దగ్గర చేసినట్టే కళ్ళు మూసుకుని, బుగ్గలో నాలుక అటూ ఇటూ తిప్పి మింగాడు. రెండోదీ అలాగే. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"ఇది మనది. అది అసిరయ్యది. రెండూ మంచియే."

"రెండూ డ్రమ్ములో పట్టిన పైపు నీళ్ళే మావయ్యా. రెండిట్లోనూ చెంచాడేసి ఉప్పు కలిపాను."

డెబ్భై ఏళ్ళ మనిషి గుమ్మంలోనే కూలబడ్డాడు. తలగుడ్డ విప్పి మోకాళ్ళ మీద వేసుకున్నాడు. తిడతాడని వీరలక్ష్మి సిద్ధపడి ఉంది. తిట్టి ఉంటే ఆవిడకి ఎంతో తేలికగా ఉండేది.

"ఎప్పట్నుంచి?"

"వానల్లో జొరమొచ్చింది కాదా... జొరం పోనాది. దాంతో ఇదీ పోనాది. నాల్రోజుల్లో వచ్చేస్తాదిలే అనుకున్నాను."

"మరి ఇన్ని వారాలూ ఎలా చెప్పారు?"

"అందాజుగా. ఇరవై ఏళ్ళు సూసినోడ్ని. నీళ్ళెంత దిగాయి, ఆకెలగుంది, అన్నీ సూసే సెప్పాను."

"చూసే చెప్పారా? అసిరయ్య బాబాయ్ ఆకులు మాడిపోతున్నాయంటే పురుగు మందు కొట్టమన్నారు మీరు! ఆయన రెండుసార్లు కొట్టుకున్నాడు!"

నూకయ్య గొంతు బాగా దిగిపోయింది. "మోటారు మీరేస్తారు. పాదులు మీరు ఎడతారు. బజారుకి మీరెల్తారు. ఈ తోటలో నాకింకేటి పనుందమ్మా? వారానికి ఒక్క పూట నలుగురూ నా ఎనకాల వత్తారు. నా నోట్లోంచి వచ్చే ఒక్క మాట కోసం ఊపిరి బిగబట్టుకుంటారు. అదీ పోతే నానెవుడ్ని?"

జాలి పడుతున్నందుకు వీరలక్ష్మికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

"ఈ పూటకి నువ్వూ రా," అన్నాడు ముసలాయన, కోడలి చెయ్యి పట్టుకోబోయి మానుకుని. "నా గ్లాసులో నీళ్ళు నువ్వు పొయ్యి. ముందు నువ్వో సుక్క నాలికకి రాసుకో. ఉప్పుంటే పైట సర్దుకో. నాను సెప్తాను. ఎవుడికీ ఏటీ తెలీదు."

ఒప్పుకోకూడదని వీరలక్ష్మికి తెలుసు. ఒప్పుకుంది.

*

నూకయ్య వెనకాల నడవడం ఈ వరసలో ఒక పద్ధతి. ఎవరి నుయ్యి వాళ్ళ దగ్గర నిలబడి ఊరుకోరు. నాలుగిళ్ళవాళ్ళూ మొదటి నూతి నుంచి చివరి నూతి దాకా కలిసి తిరుగుతారు, తీర్పు అందరి చెవుల్లోనూ పడాలని. ఆ పొద్దున అసిరయ్య నూతి దగ్గర అసిరయ్య, చిట్టితల్లి, వెంకటసుబ్బయ్య మాస్టారు అప్పటికే నిలబడి ఉన్నారు.

"ఏటి మావా, ఇయాల బాడీగార్డుతో వచ్చావు?" అని అసిరయ్య పెద్దగా నవ్వాడు. అరవై దాటినా గొంతు తగ్గని మనిషి. ఖాడీ ఇవతలి గట్టున నిలబడి పలకరిస్తే అవతలి గట్టున పలుకుతారు.

"మోకాలు నొప్పి. తోడుకి వచ్చింది," అన్నాడు నూకయ్య.

వీరలక్ష్మి బకెట్ దింపింది. నీళ్ళు చాలా కిందకున్నాయి, తాడు చివరికంటా పోయింది. పైకి లాగి, గ్లాసు ముంచుతున్నట్టు వంగి, తడి వేళ్ళు నాలుకకి ఆనించుకుంది.

ఉప్పు. అనుమానపడే ఉప్పు కాదు, మజ్జిగలో వేసుకునేంత ఉప్పు.

గ్లాసు అందించి పైట సర్దుకుంది. నూకయ్య చూశాడో లేదోనని రెండోసారి కూడా సర్దుకుంది. ఆయన కళ్ళు మూసుకుని నీళ్ళు పుక్కిలించాడు. దూరంగా రోడ్డు మీద బస్సు హారన్ ఒకటే వినిపించింది.

"మంచిదే," అన్నాడు నూకయ్య. "కొద్దిగా తేడా కొడతంది గాని... వచ్చే ఆదివారం సూద్దాం."

"చలో, బతికించావు మావా!" అసిరయ్య అరచేతులు చరుచుకున్నాడు. "రెండు గంటలు మోటారేసి తడిపేస్తానీయాల. ఎల్లుండికి కోతకొచ్చేస్తాది."

తోటకీ తోటకీ మధ్య సన్నటి గట్టు మీద వీరలక్ష్మి మామగారి పక్కకి వచ్చి నడిచింది. పళ్ళ బిగువున అడిగింది.

"ఏంటిది మావయ్యా? పైట సర్దుకున్నాను కదా!"

"సూసాను. పోయినోరం మంచిదనీసి, ఈవారం ఒక్కపాలి ఆపమంటే నమ్ముతారేటి? ఈవారం తేడా అన్నాను. వచ్చేవారం ఆపమంటాను. మెల్లగా దించాలమ్మా."

"మీరు మెల్లగా దించితే ఉప్పు కూడా మెల్లగా వస్తుందా? ఆయన ఇవాళ రెండు గంటలు ఉప్పు నీళ్ళు పోస్తాడు!"

నూకయ్య అడుగు వేగం పెంచాడు. నొప్పి అన్న మోకాలు బాగానే నడుస్తోంది.

చిట్టితల్లి తోట ఈ వరసలో అందరికన్నా చిన్నది, అందరికన్నా శుభ్రమైనది. మొగుడు పోయాక తొమ్మిదేళ్ళుగా ఒంటరిగా కాకర పందిళ్ళు వేసి, బుట్ట బస్సెక్కించి జంగ్లీఘాట్ బజారులో తనే అమ్ముకుంటుంది. ఈ ఏడు తడి ఆరిపోకుండా పాదు పాదుకీ కొబ్బరి పీచు పరిచింది. మొదటి కోతకి పది రోజుల్లోకి వచ్చింది. పది రోజులు నిలబడితే ఏడాది గడుస్తుంది, లేకపోతే లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

బకెట్ ఆవిడే తోడింది. తోడి, గ్లాసు వీరలక్ష్మి చేతికిస్తూ నూకయ్యని అడిగింది.

"మావా, మూడ్రోజుల్నుంచి పిందె పసుపెక్కి రాలిపోతంది. నీళ్ళ వల్లా, తెగులు వల్లా? నీళ్ళు మంచియని నువ్వంటే, ఇయాలే టౌన్‌కెళ్ళి మందు తెచ్చి కొడతాను. నువ్వేటంటే అదే."

వీరలక్ష్మి వేళ్ళు నాలుకకి ఆనించుకుంది. మొదటి నూతి అంత కాదు. కానీ ఉప్పే.

నూకయ్య గ్లాసు కోసం చెయ్యి చాపాడు. వీరలక్ష్మి ఇవ్వలేదు.

"తాగకండి మావయ్యా. దీదీ, ఇది ఉప్పు. బాబాయ్‌ది ఇంకా ఉప్పు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అందరికన్నా ముందు అసిరయ్యే తేరుకున్నాడు.

"క్యా బాత్ హై! కోడలుపిల్ల ఎప్పట్నుంచి రుచి సూత్తంది? మీ మావ నా నుయ్యి మంచిదని ఇప్పుడే సెప్పాడు కదా. ఆయన కంటే నీకెక్కువ తెలుసేటి?" నూకయ్యవైపు తిరిగాడు. "మావా, నువ్వు తాగి సెప్పు. ఉప్పా, మంచిదా?"

వీరలక్ష్మి గ్లాసు అందించింది. ఇప్పుడు ఆయన "మంచిది" అంటే చాలు. ఈ వరసలో కోడలు అబద్ధాలకోరు అయిపోతుంది, చిట్టితల్లి మందు కొనడానికి బస్సెక్కుతుంది. అది ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆయన అలా అంటాడనే ఆవిడ అనుకుంది.

నూకయ్య గ్లాసు నోటిదాకా ఎత్తి దించేశాడు. నీళ్ళు కింద పారబోశాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

"తెలీదంటే?"

"నా నోటికి రుచి లేదురా అసిరయ్యా. వానల కాడ్నించి లేదు. ఉప్పు లేదు, పులుపు లేదు, ఏటీ తెలీదు. ఇన్ని వారాలూ నటించాను. కోడలు నిజం సెప్తంది."

అసిరయ్య ఒలికిన నీళ్ళకేసి చూశాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

చిట్టితల్లి పందిరి కింద మట్టి మీద కూర్చుండిపోయింది. పీచు ఒక చేత్తో పక్కకి తీసి కింద తడి మట్టి చూసింది. "నీ మాట మీద రోజుకి రెండు పూటలా పోసాను మావా," అంది. గొంతు పెంచలేదు. "ఎండ ఎక్కువుందని మూడో పూటా పోసాను. నా సేత్తో నేనే ఉప్పేసుకున్నాను."

తర్వాత తలెత్తి వీరలక్ష్మిని చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం, దీదీ."

"నిన్న సాయంత్రం నేను నీళ్ళు పెడతంటే నువ్వు ఈ గట్టు మీంచే ఎల్లావు. ఏం వండావని కూడా అడిగాను."

"అవును."

సిగ్గుతో వీరలక్ష్మి చెవులు వేడెక్కాయి.

"ఖతమ్!" అని అసిరయ్య అప్పుడు అరిచాడు. "ఇరవై ఏళ్ళు ఈ ఇంటోళ్ళ నోరు నమ్మాం. నా బరబటి మొత్తం ఖతమ్!"

"బాబాయ్, ఇంకా పైవి రెండూ ఉన్నాయి. రూలు ప్రకారం ఇప్పుడే నాలుగు మోటార్లూ ఆపేద్దాం. పదిహేను రోజులు..."

"ఏం రూలు? ఎవుడి మాట మీద ఆపాలి? ఎప్పుడు ఎయ్యాలో మళ్ళీ సెప్పేదెవుడు, మీ మావా? ఈ పూట నా నూతిలో ఉన్నది రేపింకా ఉప్పెక్కుతాది. ఉన్నప్పుడే తోడుకుంటాను. పోతే అందరివీ పోనీ!"

తువ్వాలు భుజాన కొట్టుకుని వెళ్ళిపోయాడు. మాస్టారు వీరలక్ష్మి వైపు చూడకుండా, "ఏం లేదమ్మా, బొప్పాయి మొక్కలకి ఒక్క తడి పెట్టేసి వస్తాను, ట్యాంకు కూడా ఖాళీగా ఉంది," అని గొణుక్కుంటూ తన తోట వైపు దారి తీశాడు. పాతికేళ్ళు పిల్లలకి వరసలో నిలబడమని చెప్పిన మనిషి ఆయన.

రెండు నిమిషాల్లో కింద అసిరయ్య మోటారు మోగింది. దాని వెనకే పైన మాస్టారిది. చిట్టితల్లి లేచి స్టార్టర్ దగ్గరికి నడిచింది.

"దీదీ, వద్దు."

"వాళ్ళిద్దరూ తోడేసుకుంటంటే నేను పందిరి కింద కూర్చుని సూడాలా లక్ష్మీ?" అని చిట్టితల్లి బటన్ నొక్కింది.

మూడు మోటార్ల చప్పుడు తోటల మీద కలిసిపోయింది. వీరలక్ష్మి అక్కడే నిలబడిపోయింది. దాచడమెందుకు, ఆవిడకీ తన వంగ మొక్కలే గుర్తొచ్చాయి. మనది ఎగువ నుయ్యి, మంచి నీళ్ళు, వీళ్ళు లాగేసేలోపల మనమూ తోడుకుంటే? కాళ్ళు ఇంటివైపు రెండడుగులు వేశాయి కూడా. మూడో అడుగు దగ్గర ఆవిడ ఆగింది. తనూ వేస్తే సాయంత్రానికి ఈ వరసలో ఆపేవాళ్ళంటూ ఎవరూ మిగలరు.

అప్పుడు పరిగెత్తింది.

సందు మొదట్లో కరెంటు స్తంభానికి ఒక ఇనుప పెట్టె ఉంది. ఈ నాలుగు తోటలకీ లైను అందులోంచే వస్తుంది. గాలివానల్లో దాని తలుపు తీయడం, ఫ్యూజు పీకడం గోపినాథ్ పని. ఆయన ఓడ మీద ఉంటే ఆవిడ పని. కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయో లేదో ఒకసారి చూసుకుని, తలుపు లాగి, పింగాణీ ఫ్యూజులు ఒక్కొక్కటే పీకేసి కొంగులో మూట కట్టుకుంది.

మూడు మోటార్లూ ఒకేసారి ఆగిపోయాయి.

అసిరయ్య అందరికన్నా ముందొచ్చాడు. మోచేతుల దాకా బురద.

"ఎవుడు పీకాడు?"

"నేను."

"ఇటియ్యి."

"ఇవ్వను బాబాయ్."

"ఇయ్యి అంటన్నాను!"

"నన్ను కొట్టినా ఇవ్వను. నా తోటకీ కరెంటు లేదు, చూసుకో. నా వంగ కూడా ఎండుతుంది." ఆవిడ స్తంభాన్ని ఆనుకుని కదల్లేదు. "తప్పు మా ఇంట్లోనే జరిగింది. మావయ్య చేసింది తప్పు. మూడు రోజులు నోరు మూసుకున్నాను, అది నా తప్పు. ఏ శిక్ష వేస్తారో వెయ్యండి. మోటార్లు మాత్రం ఆగాలి. పై రెండు నూతులూ బతికుంటే, నాలుగు కుటుంబాలూ బిందెలతో మోసుకునైనా సగం పాదులు బతికించుకుంటాం. అవీ పోతే ఇంకెక్కడికి పోతాం?"

చిట్టితల్లి వచ్చింది, మాస్టారూ వచ్చాడు. అందరికన్నా వెనక, గట్టు మీద ఆగాగి నడుస్తూ నూకయ్య వచ్చాడు. ఎవరూ ఆయనకి దారి ఇవ్వలేదు, కూర్చోమనలేదు.

"అమ్మాయి చెప్పేది సబబుగానే ఉంది," అన్నాడు మాస్టారు. ఆయన చొక్కా చేతులు తడిగా ఉన్నాయి. "పై రెండూ ఎలా ఉన్నాయో ముందు చూద్దాం. మంచిగా ఉంటే ఆపుదాం అసిరయ్యా. రేపు ఉదయ్‌కుమార్‌ని నేనే పిలుచుకొస్తాను, మీటరుతో."

అసిరయ్య మోచేతి బురద తువ్వాలుతో తుడుచుకున్నాడు. "సరే. గాని ఈ ఇంటోళ్ళు రుచి సూడకూడదు. చిట్టితల్లి సూత్తాది."

ఫ్యూజులు కొంగులో బరువుగా వేలాడుతుంటే వీరలక్ష్మి వాళ్ళ వెనక నడిచింది. మాస్టారి నూతి దగ్గర చిట్టితల్లి దోసిలి పట్టి తాగింది. ఇంకోసారి తాగింది.

"మంచిది," అంది. "సచ్చీ, మంచి నీళ్ళే."

మాస్టారు గట్టిగా ఊపిరి వదిలాడు. అసిరయ్య మొహం కూడా కొంచెం సడలింది. వీరలక్ష్మికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఉప్పు రెండో నూతి దగ్గరే ఆగింది. ఖాడీ నుంచి అందరికన్నా దూరం తమ నుయ్యే, ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ చెడని నుయ్యి. ఆ రెండింటితో నెట్టుకు రావచ్చు. చిట్టితల్లి పందిరికి రేపటి నుంచి తన చేత్తో నీళ్ళు మొయ్యాలని అప్పుడే అనుకుంది.

"మాది నువ్వే తోడు దీదీ," అంది ఇంటి ముందుకి రాగానే.

చిట్టితల్లి బకెట్ వదిలింది. తాడు దిగుతోంది, దిగుతోంది. అది అంత దిగడం చూసి అసిరయ్య కనుబొమలు ముడిపడ్డాయి. చివరికి నీళ్ళ చప్పుడైంది. ఆవిడ లాగి, దోసిలి నింపి నోట్లో పోసుకుంది.

మింగలేదు. పక్కకి తిరిగి ఉమ్మేసింది.

"నోట్లో ఎట్టుకోలేకపోతన్నాను," అంది, కొంగుతో మూతి తుడుచుకుంటూ. "అసిరయ్యన్న నూతికన్నా ఎక్కువ ఉప్పు."

"అదెలా?" మాస్టారు గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. "ఖాడీ ఉప్పు మూడో నూతిని వదిలేసి నాలుగో నూతికి ఎగరదు కదా. పక్క నుంచి రాలేదంటే ఇది కింద నుంచి వచ్చింది. బాగా కింద నుంచి."

చిట్టితల్లి నూతి అంచు మీద చెయ్యి వేసి లోపలికి వంగి చూసింది. సిమెంటు వరలు ఒకదాని కింద ఒకటి చీకట్లోకి దిగిపోతున్నాయి. సునామీ తర్వాత నలుగురూ పెట్టుకున్న ఒట్టు ఒకటుంది. ఈ వరసలో ఎవరూ పన్నెండు వరలకి మించి నుయ్యి దించకూడదు. అంతకన్నా కింద ఉన్నది సముద్రమే. ఆ ఒట్టు పెట్టించింది నూకయ్యే.

"లక్ష్మీ," అంది చిట్టితల్లి, తల ఎత్తకుండానే. "మీ నుయ్యి ఎన్ని వరలు?"

పోయిన వేసవిలో వీరలక్ష్మి డాలీగంజ్‌లో పుట్టింట్లో ఇరవై రోజులుంది. తిరిగొచ్చాక, నూతిలో పూడిక తీయించానని గోపినాథ్ చెప్పాడు. పాత తాడు నీళ్ళకి అందలేదు. పూడిక తీశాక లోతు పెరుగుతుంది కాబోలనుకుని ఆవిడే బజారుకెళ్ళి పొడుగు తాడు కొనుక్కొచ్చింది. ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆవిడ మామగారివైపు తిరిగింది.

"పన్నెండే కదా, మావయ్యా?"

నూకయ్య ఆవిడ మొహంలోకి చూడలేదు. తలగుడ్డ విప్పి, చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు.